మల్లన పలకకు మరో మూడు గళ్లు
(జాతీయ గణిత దినోత్సవం నాడు డిగ్రీ కాలేజీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిల్లలూ, ఫోన్లు కాసేపు పక్కన పెట్టి ఒక తెల్ల కాగితం, పెన్ను తీసుకోండి. వెనక బెంచీల వాళ్లు కూడా. ఈ గంటలో మనం ఒకే ఒక్క గుణకారం చేయబోతున్నాం. దాని దగ్గరికి చేరడానికి కొంచెం దూరం నడవాలి, ఓపిక పట్టండి.

డిసెంబర్ 22 రామానుజన్ పుట్టినరోజు. ఇవాళ ఏ కాలేజీలో చూసినా 1729 గురించి మాట్లాడుతుంటారు. మాట్లాడాల్సిందే. నేను మాత్రం ఇంకో సంఖ్యను వెంట తెచ్చుకున్నాను. చాలా పెద్దది. బోర్డు మీద రాస్తున్నాను, మీరూ రాసుకోండి.

147 573 952 589 676 412 927

ఇరవై ఒక్క అంకెలు. మన లెక్కలో సుమారు 14 లక్షల 75 వేల కోట్ల కోట్లు. మూడేసి అంకెలు విడదీసి రాశాను, అది గుణకారం దగ్గర పనికొస్తుంది. 67 రెళ్లను ఒకదానితో ఒకటి గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఈ సంఖ్య వస్తుంది. 2⁶⁷−1.

ఈ సంఖ్యకు పొరుగింట్లోనే మన తెలుగు సంఖ్య ఒకటి ఉంది. అక్కడి నుంచి మొదలుపెడతాను.

చదరంగం పలక, గింజల కథ మీకు తెలుసు. మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు, అలా రెట్టింపు చేసుకుంటూ పోతే 64 గళ్లు నిండేసరికి మొత్తం 2⁶⁴−1 గింజలు. ఆ మొత్తాన్ని చెప్పే చంపకమాల పద్యం ఒకటి తెలుగులో ఉంది. పావులూరి మల్లనదిగా చెప్పుకుంటాం. మహావీరాచార్యుల గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన కవి ఆయన. పద్యంలో అంకెలుండవు, మాటలే ఉంటాయి. శర అంటే మన్మథుడి బాణాలు, ఐదు. శశి ఒకటి. షట్కం ఆరు. చంద్రుడు ఒకటి. మళ్లీ శర, సాయక, అవి రెండూ బాణాలే, ఐదు, ఐదు. రంధ్రం తొమ్మిది. వియత్తు అంటే ఆకాశం, సున్న. నగం ఏడు, అగ్ని మూడు, భూధరం ఏడు, గగనం మళ్లీ సున్న. అబ్ధి నాలుగు, వేదాలు నాలుగు, గిరి ఏడు, తర్కం ఆరు, పయోనిధి నాలుగు, పద్మజుడి ముఖాలు నాలుగు. కుంజరం అంటే దిగ్గజాలు, ఎనిమిది. చివరికి తుహినాంశుడు, చంద్రుడే, ఒకటి.

అంకెలను కుడి నుంచి ఎడమకు పేర్చాలి. పేర్చి చూడండి. 18446744073709551615. ఇరవై అంకెలు, ఒక్కటి కూడా తప్పు లేదు. కాలిక్యులేటర్ లేని కాలంలో ఇంత సంఖ్యను గణాలు తప్పకుండా, యతి తప్పకుండా పద్యంలో కూర్చి, నోటికి వచ్చేలా చేసి మన చేతికిచ్చారు. తాళపత్రం చెదలు తిన్నా నాలుక మీద సంఖ్య మిగిలింది. ఈ పద్యం మొదటిసారి అంకెలతో సరిచూసుకున్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. ఇప్పటికీ పులకరిస్తుంది.

ఇప్పుడు మల్లన పలకకు ఇంకో మూడు గళ్లు అతికించండి. 65, 66, 67. మూడుసార్లు రెట్టింపు అంటే ఎనిమిది రెట్లు. మల్లన సంఖ్యను ఎనిమిదితో గుణించి ఏడు కలిపితే బోర్డు మీదున్న సంఖ్య వస్తుంది. చివరి మూడంకెలు చూసుకోండి. 615ను ఎనిమిదితో గుణిస్తే 4920, ఏడు కలిపితే 4927. అక్కడ 927 ఉంది కదా.

మూడు గళ్లే తేడా. కాని ఈ రెండు సంఖ్యల స్వభావాల మధ్య ఉన్న తేడా చూస్తే ఆశ్చర్యమేస్తుంది. మల్లన సంఖ్యకు కారణాంకాలు కావాలా? తొమ్మిదో తరగతి సూత్రం చాలు. ఎ స్క్వేర్ మైనస్ బి స్క్వేర్. 2⁶⁴−1 అంటే (2³²−1) గుణకారం (2³²+1). అందులో మొదటిదాన్ని మళ్లీ అలాగే చీల్చొచ్చు, మళ్లీ, మళ్లీ. వరసగా 3, 5, 17, 257, 65537 రాలిపడతాయి. మిగిలేది 2³²+1 ఒక్కటే, అంటే 4294967297. దాన్ని ప్రధాన సంఖ్య అనుకున్నాడు ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా. 1732లో ఆయిలర్ అది 641తో భాగింపబడుతుందని చూపించాడు. 641ని 6700417తో గుణిస్తే సరిగ్గా వస్తుంది. మొత్తం ఏడు ముక్కలు. మల్లన సంఖ్య ఎండిన వేరుశనక్కాయలా చేత్తో నొక్కితే విడిపోతుంది.

మూడు గళ్లు కలిపాక? ఘాతాంకం 67. అది ప్రధాన సంఖ్య. ఎ స్క్వేర్ మైనస్ బి స్క్వేర్ ఇక్కడ పనిచేయదు, ఎ క్యూబ్ మైనస్ బి క్యూబ్ కూడా పనిచేయదు. సూత్రం వేలు పెట్టడానికి సందు లేదు.

ఘాతాంకం సంయుక్త సంఖ్య అయితే మన సంఖ్య కూడా తప్పకుండా విడిపోతుంది. 2⁶−1 అంటే 63, విడిపోయింది. ఘాతాంకం ప్రధానమైతే? 2, 3, 5, 7 వేసి చూడండి. 3, 7, 31, 127 వస్తాయి. నాలుగూ ప్రధానాలే. అప్పుడు ఎవరికైనా ఆశ పుడుతుంది, ఎప్పుడూ ఇంతేనేమో అని. 11 దగ్గర ఆశ తీరిపోతుంది. 2¹¹−1 అంటే 2047, అది 23 గుణకారం 89. అంటే ఘాతాంకం ప్రధానం కావాలి, కాని అదొక్కటే చాలదు. మరి 67 ఏ పక్షం?

ఫ్రాన్స్‌లో మారిన్ మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి ఉండేవాడు. ఫెర్మా, డేకార్ట్ లాంటివాళ్లు ఆయనకు ఉత్తరాలు రాసేవాళ్లు. శాస్త్ర పత్రికలు లేని రోజుల్లో యూరప్ గణితానికి ఆయన గదే పోస్టాఫీసు. 1644లో అచ్చయిన పుస్తకం ముందుమాటలో ఆయన ఒక జాబితా ఇచ్చాడు. 257 వరకు ఉన్న ఘాతాంకాల్లో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 దగ్గర మాత్రమే ప్రధాన సంఖ్యలు వస్తాయన్నాడు. జాబితాలో 67 ఉంది, చూడండి. ఆ జాబితాలో ఐదు తప్పులున్నాయి. 67, 257 ఉండకూడదు. 61, 89, 107 ఉండాలి, లేవు. ఈ ఐదూ తేలి, జాబితా మొత్తం సరిచూడటం పూర్తయ్యేసరికి మూడు వందల ఏళ్లు పట్టింది. అయినా ఇలాంటి సంఖ్యలను నేటికీ మెర్సెన్ సంఖ్యలనే పిలుస్తాం. అది న్యాయమేనని నా అభిప్రాయం. సరైన ప్రశ్నను అంత స్పష్టంగా బల్ల మీద పెట్టినవాడు ఆయనే.

జాబితాలో 67 తప్పని మొదట తేల్చింది ఫ్రెంచ్ గణితవేత్త ఎడ్వర్డ్ లూకా, 1876లో. మీరు ఇక్కడ జాగ్రత్తగా వినాలి. 2⁶⁷−1 ప్రధానం కాదని లూకా నిరూపించాడు. కాని దానికి ఒక్క కారణాంకం కూడా చూపించలేదు. ఆయనకే తెలియదు.

అదెలా సాధ్యమండీ అని మీరడగాలి. తాళం వేసిన పెట్టెను ఊపి చూస్తే లోపల ఏదో కదులుతోందని తెలుస్తుంది, ఏముందో మాత్రం కనిపించదు. అలాంటిదే ఇది. లూకా పద్ధతిని 1930లో లెమర్ అనే అమెరికన్ సులువు చేశాడు, ఆ సులువైన రూపమే చూపిస్తాను. 4తో మొదలుపెట్టండి. వర్గం చేసి 2 తీసేయండి. మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోండి. మళ్లీ వర్గం, మళ్లీ 2 తీయడం. ఘాతాంకంలోంచి రెండు తీసేస్తే వచ్చినన్ని సార్లు ఇలా చేయాలి. చివర సున్న వస్తే ప్రధానం, రాకపోతే కాదు.

31తో చేద్దాం. అది 2⁵−1 కాబట్టి మూడుసార్లు చాలు. నాలుగు వర్గం 16, రెండు తీస్తే 14. పద్నాలుగు వర్గం 196, రెండు తీస్తే 194, దాన్ని 31తో భాగిస్తే శేషం 8. ఎనిమిది వర్గం 64, రెండు తీస్తే 62, శేషం సున్న. 31 ప్రధానం. అదే 2047తో చేస్తే తొమ్మిదిసార్ల తర్వాత 1736 మిగులుతుంది. సున్న కాదు, కాబట్టి 2047 విడిపోతుంది. ఈ లెక్కలో ఎక్కడైనా 23 కనిపించిందా? 89 కనిపించిందా? లేదు. విడిపోతుందన్న సంగతి మాత్రం తెలిసిపోయింది.

విడిపోతుందని తెలియడం వేరు, విడగొట్టడం వేరు. నేను ఇవాళ ఇంత దూరం వచ్చింది ఈ ఒక్క మాట కోసమే.

లూకా తర్వాత ఇరవై ఏడేళ్లు ఈ సంఖ్య అదే స్థితిలో ఉండిపోయింది. సంయుక్త సంఖ్య అని అందరికీ తెలుసు. ముక్కలు ఎవరి దగ్గరా లేవు.

ఇక వెతకడం మొదలుపెడదాం. వర్గమూలం వరకు చూడాలి, అంటే సుమారు 1214 కోట్ల వరకు. ఒక్కొక్క సంఖ్యతో భాగించుకుంటూ పోతే జన్మ చాలదు. అయితే మన సంఖ్యకు ఏ సంఖ్య పడితే ఆ సంఖ్య కారణాంకం కాలేదు. ఇది ఈ సంఖ్యలో నాకు అన్నిటికంటే ఇష్టమైన గుణం, కాబట్టి కొంచెం నెమ్మదిగా చెబుతాను.

చిన్నదాంతో చూద్దాం. 2047కు 23 కారణాంకం అన్నాం కదా. 2తో మొదలుపెట్టి రెట్టింపు చేస్తూ, ప్రతిసారీ 23తో శేషం తీసుకోండి. 2, 4, 8, 16. తర్వాత 32, శేషం 9. తర్వాత 18. 36కు శేషం 13. 26కు శేషం 3. తర్వాత 6, 12. 24కు శేషం 1. అక్కడితో చుట్టు పూర్తయింది, మళ్లీ 2 నుంచి మొదలవుతుంది. ఎన్ని అంగలు పడ్డాయి? లెక్కపెట్టండి. పదకొండు. 2¹¹−1ను 23 భాగిస్తుంది కాబట్టి పదకొండో అంగకు 1 దగ్గరికి రావాల్సిందే.

23తో వచ్చే శేషాల్లో సున్న తీసేస్తే 22 ఉంటాయి. అందులో 11 ఈ చుట్టులో ఉన్నాయి. మిగతా 11? చుట్టులో లేని 5ను తీసుకుని రెట్టింపు చేస్తూ పోండి, అవి కూడా పదకొండు మందితో ఇంకో చుట్టు కడతాయి. గుండ్రంగా చేతులు పట్టుకుని నిలబడ్డ రెండు గుంపులు, ఒక్కో గుంపులో పదకొండు మంది. అంటే 22ను 11 నిశ్శేషంగా భాగించి తీరాలి. 89 దగ్గర 88 మంది, ఎనిమిది గుంపులు. ఇది ఫెర్మా చిన్న సిద్ధాంతానికి గుండెకాయ లాంటి విషయం.

మన సంఖ్య దగ్గర చుట్టులో 67 అంగలు. కాబట్టి దానికి ఏ ప్రధాన కారణాంకం ఉన్నా, అందులోంచి ఒకటి తీసేస్తే 67తో భాగింపబడాలి. బేసి సంఖ్య కాబట్టి 134తోనూ భాగింపబడాలి. ఇంకో షరతు కూడా ఉంది. ఆ కారణాంకాన్ని 8తో భాగిస్తే శేషం 1 గాని 7 గాని రావాలి. ఇది ఎందుకో మీ లెక్చరర్ గారిని అడగండి, రెండు నిమిషాల్లో చెబుతారు. 134 గుణిజానికి ఒకటి కలిపిన సంఖ్యల్లో సగం దీంతో ఎగిరిపోతాయి. జల్లెడ బాగా చిక్కబడింది.

అయినా ఎంత పని మిగిలిందో చూడండి. చిన్న కారణాంకం ఎక్కడుందో ఇప్పుడు మనకు తెలుసు కాబట్టి లెక్క కట్టొచ్చు. అక్కడివరకు ఈ రెండు షరతులకు నిలిచేవి 7 లక్షల 22 వేలకు పైగా ఉన్నాయి. 3, 5, 7 గుణిజాలను ఏరేస్తే సుమారు 3 లక్షల 30 వేలు. ఇరవై ఒక్క అంకెల భాగహారం కాగితం మీద ఐదు నిమిషాలనుకోండి. రోజుకు పది గంటలు కూర్చుంటే 120 భాగహారాలు. మొత్తం 2750 రోజులు.

ఈ పని చేసినవాడి దగ్గర రోజులు లేవు. ఆదివారాలే ఉన్నాయి.

ఫ్రాంక్ నెల్సన్ కోల్. కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీకి కార్యదర్శిగా పాతికేళ్లు చాకిరీ చేసిన మనిషి. 1903 అక్టోబర్ 31న న్యూయార్క్‌లో ఆ సొసైటీ సమావేశం జరిగింది. పెద్ద సంఖ్యలకు కారణాంకాలు కనుక్కోవడం గురించి కోల్ ప్రసంగం ఉంది. తర్వాత జరిగింది ఎరిక్ టెంపుల్ బెల్ అనే గణితవేత్త రాసిపెట్టాడు. కోల్ బోర్డు దగ్గరికి వెళ్లాడు. ఏమీ మాట్లాడకుండా 2ను 67వ ఘాతానికి హెచ్చించి, ఒకటి తీసేశాడు. బోర్డులో ఖాళీగా ఉన్నచోటికి జరిగి రెండు సంఖ్యలు రాసి, నిలువు గుణకారం మొదలుపెట్టాడు. రెండు జవాబులూ ఒకటే వచ్చాయి. సుద్దముక్క కింద పెట్టి, వెళ్లి కూర్చున్నాడు. ఒక్క మాట లేదు. హాలు హాలంతా చప్పట్లు. ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. తర్వాత ఎప్పుడో బెల్ ఆయన్ని అడిగాడట, ఎంతకాలం పట్టిందని. మూడేళ్ల ఆదివారాలు అన్నాడట కోల్.

మూడేళ్లంటే 156 ఆదివారాలు. ఇందాక మనం కట్టిన లెక్క 2750 రోజులు. అంటే ఆయన వరసపెట్టి భాగించుకుంటూ పోలేదు. వర్గ శేషాలనే ఇంకో సన్నని జల్లెడ వాడాడు. వర్గ శేషాలంటే వర్గ సంఖ్యలను మన సంఖ్యతో భాగిస్తే మిగిలే శేషాలు. మన సంఖ్యకు వర్గ శేషాలుగా ఏవేవి వస్తాయో ముందు కనిపెట్టాడు. అలా దొరికిన ప్రతి కొత్త శేషంతో మిగిలిన అభ్యర్థుల్లో సుమారు సగం రాలిపోతాయి. సగంలో సగం, దాంట్లో సగం. ఆ ఏరివేత అంతా ఆ ఏడాదే అచ్చయిన ఆయన వ్యాసంలో ఉంది. ఆ రోజు బోర్డు మీద మాత్రం చివరి గుణకారమే కనిపించింది.

ఆ గుణకారం ఇప్పుడు మనం చేద్దాం. అమ్మా, రెండో వరుసలో నువ్వు, ఇలా వచ్చి సుద్దముక్క తీసుకో. మిగతావాళ్లు కాగితం మీద చేయండి. కోల్ రాసిన రెండు సంఖ్యలు ఇవి.

193 707 721
761 838 257 287

మొదట తొమ్మిదితో సరిచూద్దాం, మా చిన్నప్పుడు లెక్కల మాస్టార్లు అలా అలవాటు చేశారు. మొదటిదాని అంకెలు కలపండి. 37. తొమ్మిదితో భాగిస్తే శేషం 1. రెండోదాని అంకెల మొత్తం 64, శేషం 1. ఒకటి గుణకారం ఒకటి, ఒకటే. బోర్డు మీది పెద్ద సంఖ్య అంకెల మొత్తం 109, శేషం 1. సరిపోయింది. ఇంతమాత్రాన గుణకారం సరైనదని రుజువు కాదు, కాని తప్పు ఉంటే చాలాసార్లు ఇక్కడే పట్టుబడుతుంది.

ఇప్పుడు మూడేసి అంకెల గుంపును ఒక అంకె అనుకోండి. కుడి నుంచి మొదలు.

721 గుణకారం 287 ఎంత? 206927. చివరి 927 కింద రాయి, 206 చేతిలో ఉంచుకో.

తర్వాత రెండు గుణకారాలు కలపాలి. 707 గుణకారం 287, అది 202909. 721 గుణకారం 257, అది 185297. చేతిలో ఉన్న 206 కలుపు. 388412. 412 రాయి, 388 చేతిలో. బోర్డు మీద పెద్ద సంఖ్య చివర చూడండి, 412 927. వస్తోంది.

తర్వాత మూడు. 193 గుణకారం 287 అంటే 55391. 707 గుణకారం 257 అంటే 181699. 721 గుణకారం 838 అంటే 604198. చేతిలో 388. మొత్తం 841676. 676 రాయి, 841 చేతిలో.

మళ్లీ మూడు. 193 గుణకారం 257, 49601. 707 గుణకారం 838, 592466. 721 గుణకారం 761, 548681. చేతిలో 841. మొత్తం 1191589. 589 రాయి, 1191 చేతిలో.

ఇక రెండే. 193 గుణకారం 838, 161734. 707 గుణకారం 761, 538027. చేతిలో 1191. మొత్తం 700952. 952 రాయి, 700 చేతిలో.

ఆఖరిది 193 గుణకారం 761. 146873. చేతిలో 700 కలుపు. 147573. మొత్తం రాసెయ్.

చదవమ్మా గట్టిగా. 147 573 952 589 676 412 927.

(చప్పట్లు)

ఆ చప్పట్లు కోల్‌కు చెందుతాయి. పన్నెండు చిన్న గుణకారాలు, పదిహేను నిమిషాలు కూడా పట్టలేదు. ఈ హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ ఇప్పుడు ఈ నిజం సొంతంగా తెలుసు. కోల్ చెప్పాడని నమ్మనక్కర్లేదు, నేను చెప్పానని నమ్మనక్కర్లేదు. మెర్సెన్ మాట నిలబడదని మీ కాగితమే చెబుతోంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి ఒంటరిగా కూర్చుని దీన్ని మామూలు నిలువు పద్ధతిలో చేశాను. మధ్యలో ఒక అంకె తప్పి, జవాబు రాక, మొదటి నుంచి మళ్లీ చేసి, ఆఖరి అంకె కలిసినప్పుడు ఇల్లంతా నిద్రపోతోంది. ఎవరికి చెప్పాలో తెలియక వాకిట్లోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను.

కనుక్కోవడానికి మూడేళ్ల ఆదివారాలు, సరిచూడటానికి పావుగంట. ఈ ఎగుడుదిగుడే ఇవాళ ఇంటర్నెట్‌కు కాపలా కాస్తోంది. 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్మన్ అనే ముగ్గురు దీని మీదే ఒక సంకేత పద్ధతి కట్టారు. రెండు పెద్ద ప్రధానాలను గుణించి జవాబును లోకానికంతా చెప్పేయొచ్చు, ముక్కలు మాత్రం మన దగ్గరే దాచుకోవాలి. ఆ ఏడాదే 129 అంకెల సంఖ్య ఒకటి సవాలుగా విసిరారు. అది 1994లో విడిపోయింది, సుమారు 600 మంది వాలంటీర్ల కంప్యూటర్లు కలిసి పనిచేస్తే. 2020లో 250 అంకెల సంఖ్య విడిపోయింది. ఈ పద్ధతిలో ఇప్పుడు మామూలుగా వాడే తాళాలకు 617 అంకెలుంటాయి. ఇక మన 21 అంకెల సంఖ్యను మీ ఫోన్ కూడా రెప్పపాటులో విడగొట్టేస్తుంది.

రెండో సగం, అంటే ముక్కలు తెలియకుండానే ప్రధానమో కాదో తేల్చడం, అందులో మన దేశం పేరు ఎప్పటికీ నిలిచిపోతుంది. లూకా పద్ధతి మెర్సెన్ సంఖ్యల లాంటి ప్రత్యేకమైన కుటుంబాలకే పనికొస్తుంది. ఏ సంఖ్యకైనా, నిరూపణ కాని ఏ ఊహ సాయమూ లేకుండా, లెక్క చేయిదాటి పోకుండా తేల్చే పద్ధతిని 2002 ఆగస్టులో కాన్పూర్ ఐఐటీ నుంచి మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ప్రకటించారు. కయాల్, సక్సేనా అప్పుడే బీటెక్ పూర్తిచేసిన కుర్రాళ్లు. మీకంటే మూడు నాలుగేళ్లు పెద్దవాళ్లు, అంతే.

ఇంకో సంఖ్య చెప్పి ఆపుతాను. 2¹²⁷⁷−1. 385 అంకెలు. 1277 ప్రధానమే. ఈ సంఖ్య ప్రధానం కాదని లూకా, లెమర్ పద్ధతిలో ఎప్పుడో తేలిపోయింది. ఎన్నో కంప్యూటర్లు ఏళ్ల తరబడి వెతికినా ఒక్క కారణాంకం దొరకలేదు. 1876 నుంచి 1903 దాకా మన సంఖ్య ఏ స్థితిలో ఉందో ఇది ఇప్పుడు అదే స్థితిలో ఉంది. దాని కారణాంకం ఎలా ఉండాలో మీరే చెప్పగలరు. 1277 రెట్టింపు 2554. కాబట్టి 2554 గుణిజానికి ఒకటి కలిపిన సంఖ్య కావాలి, 8తో భాగిస్తే శేషం 1 గాని 7 గాని రావాలి. రాసుకోండి, ఇంటికి తీసుకెళ్లండి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: సార్, కోల్ రాసిన ఆ రెండూ మళ్లీ విడిపోవని ఎలా తెలుసు?)

భలే అడిగావు నాన్నా. ఆ రెండూ ప్రధానాలేనా అని కదా. చిన్నదాన్ని ఇక్కడే తేల్చొచ్చు. 193707721కి ఏదైనా ప్రధాన కారణాంకం ఉంటే అది మన పెద్ద సంఖ్యకూ కారణాంకమే అవుతుంది. అంటే దానికీ అవే షరతులు వర్తిస్తాయి. ఈ సంఖ్య వర్గమూలం 13918 కంటే కొంచెం తక్కువ. అక్కడివరకు మన రెండు షరతులకు నిలిచేవి 51 మాత్రమే. మూడు లక్షల సంగతి పోయి యాభై ఒకటికి వచ్చాం. పెద్దదానికి మూడు వేల పైచిలుకు ఉన్నాయి, అది సెలవుల్లో పని.

మొదలుపెట్టు. 135, ఐదుతో పోతుంది. 537, మూడుతో. 671, పదకొండుతో. 1073 అంటే 29 గుణకారం 37. 1207 అంటే 17 గుణకారం 71. తర్వాత 1609, ఇది ప్రధానం, దీంతో నిజంగా భాగించాల్సిందే. చెయ్యి. శేషం 211 వచ్చిందా? సరే, ఇది కాదు. 1743, మూడుతో పోతుంది. 2145, ఐదుతో. 2279 అంటే 43 గుణకారం 53. 2681, ఏడుతో. 2815, ఐదుతో. తర్వాత 3217, ఇది కూడా ప్రధానమే. భాగించండి అందరూ. ఎంత మిగిలింది?

(2500 సార్.)

సరే. తర్వాతది.